లైసెన్సు గడువు ఉంది, లైసెన్సుదారు లేరు

ప్రశ్న: మా నాన్నగారు డోన్‌లో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడిపేవారు. గురి చూసి కాల్చే పోటీలంటే ఆయనకు ప్రాణం. బెంచిరెస్టు, అంటే రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే పోటీల కోసం చాలా ఏళ్ల కిందట విదేశం నుంచి ఒక రైఫిల్ తెప్పించుకున్నారు. దానికి రెండు బ్యారెళ్లు ఉన్నాయి, మార్చి మార్చి బిగించుకోవచ్చు. ఒకదాని మీద 6 ఎం.ఎం. బి.ఆర్. అని, రెండోదాని మీద .308 విన్ అని తూటా రకం పేరు చెక్కి ఉంది. పదిహేనేళ్ల వయసు నుంచి ఆయన పెట్టె మోసుకుంటూ రేంజికి వెళ్లేవాడిని. 73వ ఏట ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. లైసెన్సు 2028 అక్టోబరు వరకు ఉంది. రైఫిల్ డోన్ ఇంట్లో బీరువాలోనే ఉంది, అమ్మ అక్కడ ఒక్కరే ఉంటారు. నేను కర్నూలులో ఉద్యోగం చేస్తున్నాను. ఏ తూటాకు ఎంత మందు వేయాలో నాన్నగారు నోటుపుస్తకంలో రాసుకున్నారు, ఆ సామగ్రి కూడా ఇంట్లోనే ఉంది. ఆయన గుర్తుగా ఈ ఆట మొదలుపెట్టాలని ఉంది. రెండో బ్యారెల్ లైసెన్సులో ఎక్కలేదు కాబట్టి దాన్ని బెంగళూరులో తన ఇంట్లో పెడతానని మా బావగారు అంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ ఉత్తరం అసలు ప్రతి మూడు పేజీలు ఉంది. పెరట్లో బేతంచెర్ల బండతో నాన్నగారు చేయించుకున్న బల్ల గురించి, దాని మీద మోచేతులు ఆనించి ఊపిరి బిగబట్టడం ఆయన మీకు నేర్పిన తీరు గురించి రెండు పేజీలు రాశారు. నాకు పనికొచ్చినవి రెండే ముక్కలు. ఒకటి, ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. రెండు, ఒక బ్యారెల్ లైసెన్సులో లేదు. ఆట ఎలా మొదలుపెట్టాలని మీరు అడుగుతున్నారు. ఈ క్షణాన ఆ రైఫిల్ ఎవరి స్వాధీనంలో ఉందని నేను అడుగుతున్నాను. మీ వ్యవహారమంతా ఆ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

తుపాకీ లైసెన్సు ఇంటి పట్టా కాదు. అది ఒక మనిషికి ఇచ్చిన అనుమతి, ఆ మనిషితోనే పోతుంది. పుస్తకం మీద 2028 అని ఉన్నా, 2038 అని ఉన్నా మీకు దానితో పని లేదు. హిందూ వారసత్వ చట్టం కింద ఆ రైఫిల్ విలువలో మీకు, మీ అమ్మగారికి, మీ అక్కగారికి సమాన వాటా వచ్చింది, నిజమే. అది ఆస్తి హక్కు. దాన్ని దగ్గర ఉంచుకునే హక్కు వేరు. ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా ఆ రెండో హక్కు ఎవరికీ రాదు. చిన్నప్పుడు మీరు పెట్టె మోయడంలో తప్పు లేదు. లైసెన్సుదారు సమక్షంలో, ఆయన వాడకం కోసం ఇంకొకరు మోయవచ్చని ఆ సెక్షనే మినహాయింపు ఇచ్చింది. ఆయన లేరు, మినహాయింపూ లేదు.

అదే చట్టం సెక్షన్ 21 ఏమంటుందో చూడండి. ఏ కారణం వల్లనైనా స్వాధీనం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర జాప్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లోగాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరగాని డిపాజిట్ చేయాలి. పెద్దకర్మ అయ్యాక ఓ వారం ఆలస్యమైతే అర్థం చేసుకుంటారు. పద్నాలుగు నెలలకు ఏ సంజాయిషీ ఇస్తారు? మీరు కర్నూలులో ఉంటారు, బీరువా తాళం మాత్రం అమ్మగారి కొంగున ఉంటుంది. రేపు సోదా జరిగితే పంచనామాలో మొదట ఎక్కేది ఆవిడ పేరు. గుర్తు పదిలంగా ఉండాలని మీరు ముచ్చటపడుతుంటే నేరం ఆవిడ నెత్తిన కూర్చుంది. ఈ సంగతి మీకు తట్టకపోవడం నాకు కోపం తెప్పించింది.

2019 సవరణ తర్వాత లైసెన్సు లేని స్వాధీనానికి శిక్ష రెండేళ్లకు తగ్గదు, అయిదేళ్ల దాకా వెళ్లవచ్చు. మూడేళ్లు దాటితే కేసు చెల్లదని మీకెవరో చెప్పారని రాశారు. చెప్పినవారికి పాత సంగతి గుర్తుంది. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకే మూడేళ్ల కాలపరిమితి. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 514లో ఉంది. సవరణకు ముందు ఈ నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే కాబట్టి ఆ మాటకు విలువ ఉండేది. గరిష్ఠం అయిదేళ్లయ్యాక కాలపరిమితి అనే గొడుగు ఎగిరిపోయింది. పైగా తుపాకీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేరం ప్రతి ఉదయం కొత్తగా మొదలవుతూనే ఉంటుంది.

‘బీరువాలో ఏముందో నాకు తెలియదు’ అనే వాదన ఒకటుంది. తెలిసి ఉంచుకోవడం, దాని మీద అదుపు ఉండటం రుజువైతేనే అది స్వాధీనమని సుప్రీంకోర్టు 1972లో గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది. మీకు ఆ వాదన లేదు. రైఫిల్ నంబరుతో సహా నాకు ఉత్తరం రాసి మీరే దానికి నీళ్లొదిలారు.

ఇక బ్యారెల్. బెంచిరెస్టు రైఫిల్‌లో నంబరు సాధారణంగా యాక్షన్ మీద, అంటే బోల్టు ఆడే ఉక్కు దిమ్మ మీద ఉంటుంది. విడిగా చేయించుకున్న బ్యారెల్ మీద చాలాసార్లు బోరు పేరు తప్ప మరేమీ ఉండదు. 6 ఎం.ఎం. బి.ఆర్. తూటా .308 తూటాను పొట్టి చేసి పుట్టించినదే. రెండింటి అడుగు కొలత ఒకటే కనుక ఒకే బోల్టు రెండు బ్యారెళ్లకూ సరిపోతుంది. ఆటగాడికి అది సౌకర్యం, మీకు తలనొప్పి. చట్టంలో ఆయుధం అనే మాటలో దాని భాగాలు కూడా చేరి ఉన్నాయి. కాబట్టి ‘ఉత్త ఇనుప గొట్టమే కదా’ అన్న మీ బావగారి మాట చట్టం ముందు నిలవదు. పైగా 2016 ఆయుధాల నియమావళి మొదటి షెడ్యూలు 7.62 ఎం.ఎం. సర్వీసు తూటాను, అంటే సైన్యం వాడే తూటాను ఇముడ్చుకుని పేల్చగల బోల్టు రైఫిళ్లను ఒకటో కేటగిరీలో పెట్టింది. అక్కడ చూసేది బ్యారెల్ మీద ఏం చెక్కారని కాదు, అందులో ఏ తూటా ఇముడుతుందని. .308 బ్యారెల్‌లో ఆ 7.62 తూటా ఇముడుతుంది కనుక, దాన్ని బిగిస్తే మీ రైఫిల్ ఆ వాకిట్లోకి వెళ్తుంది. ఒకటో కేటగిరీకి అనుమతి ఇచ్చేది కేంద్ర హోం శాఖ. కలెక్టరు గారు దయ తలచినా ఆయన చేతిలో ఉన్న పని కాదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ బ్యారెల్‌ను బెంగళూరు పంపకండి. పంపితే ఈరోజు ఒక ఇంట్లో ఉన్న చిక్కు రెండు ఇళ్లలోకి, రెండు రాష్ట్రాలలోకి పాకుతుంది, దాచాలన్న ఉద్దేశం కూడా రుజువవుతుంది. ఆలస్యాన్ని అజాగ్రత్త అని చెప్పుకోవచ్చు. దాచడానికి ఆ మాట చెప్పలేం. కోసి పాత ఇనుముకు వేయడం, బావిలో పడేయడం వంటి ఆలోచనలు వచ్చినా అక్కడే ఆపండి. అనుమతి లేకుండా బ్యారెల్ పొట్టి చేయడం సెక్షన్ 6 కిందికి వస్తుంది. దానికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

మందు లెక్కల నోటుపుస్తకాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, అది కాగితమే. దాని పక్కనున్న మందు, దాన్ని అంటించే ప్రైమర్లు, తూటాలు కూర్చే ప్రెస్సు అలా కాదు. తూటాల భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా చట్టంలో మందుగుండు అనే మాటలోకి వస్తాయి. వాటిని ఇప్పుడు మీరు ముట్టుకోవద్దు. ఒక్క తూటా సరదాకు కూర్చినా అది లైసెన్సు లేని తయారీ అవుతుంది. దాని శిక్ష కూడా ఏడేళ్ల నుంచే మొదలు.

సాక్ష్యం సంగతి. 2024 ఎన్నికలప్పుడు నాన్నగారు డోన్ స్టేషన్‌లో రైఫిల్ డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నారని రాశారు. ఆ రసీదు బంగారం, కానీ రెండు వైపులా పదునున్న బంగారం. రైఫిల్ నంబరు సక్రమంగా పోలీసు రికార్డులో ఉందని అది చెబుతుంది. ‘రైఫిల్ ఒకటి’ అని మాత్రమే ఉంటే రెండో బ్యారెల్ అప్పుడు ఇంట్లోనే ఉండిపోయిందని కూడా అదే చెబుతుంది. కాబట్టి దిగుమతి అనుమతి పత్రం, కస్టమ్స్ కాగితాలు, అమ్మిన సంస్థ ఇన్వాయిసు వెతకండి. ఇన్వాయిసులో రెండు బ్యారెళ్లు ఉంటే నాన్నగారు దొంగదారిన తేలేదని తేలుతుంది. లైసెన్సు పుస్తకంలో ఎక్కించకపోవడం అప్పుడు లోపంగా మిగులుతుంది, స్మగ్లింగ్‌గా కాదు. దిగుమతి పత్రం వెనుక అమ్మకం గురించిన షరతులు ఉంటే అవీ చదవండి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ వారంలోనే మీరు, అమ్మగారు కలిసి డోన్ స్టేషన్ హౌస్ ఆఫీసరుకు రాతపూర్వకంగా తెలపండి. నాన్నగారి మరణ తేదీ, లైసెన్సు నంబరు, రైఫిల్ నంబరు, రెండు బ్యారెళ్లు, తూటాల లెక్క, కూర్పు సామగ్రి అన్నీ అందులో ఉండాలి. రెండో బ్యారెల్ మాట దాటవేయకండి. పాత తేదీ వేయకండి. రైఫిల్‌ను మీ కారులో మీరే వేసుకుని వెళ్లకుండా, సిబ్బందిని పంపి పంచనామాతో తీసుకోవాలని అదే కాగితంలో కోరండి. అందినట్లు సంతకం, స్టాంపు తీసుకోండి. డోన్ 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది, లైసెన్సు ఇచ్చింది కర్నూలు కలెక్టరు. కాబట్టి ప్రతులు ఇద్దరు కలెక్టర్లకూ స్పీడ్ పోస్టులో వెళ్లాలి.

భయపడి వెనకాడతారేమో, ఇది చదవండి. సెక్షన్ 3 నేరానికి ప్రాసిక్యూషన్ మొదలుపెట్టాలంటే సెక్షన్ 39 కింద జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి, అంటే కలెక్టరే. పోలీసులు పట్టుకున్నాక ఫైలు ఆయన బల్ల మీదికి వెళ్లడం ఒక రకం. మీరే ముందుగా రాసిన కాగితం ఆ ఫైలులో మొదటి పేజీగా ఉండటం ఇంకో రకం. శిక్ష తప్పుతుందని హామీ ఇవ్వను. నేను కలెక్టరునైతే ఏ ఫైలు మీద సంతకానికి తటపటాయిస్తానో మాత్రం చెప్పగలను.

డిపాజిట్ చేసినంత మాత్రాన రైఫిల్ పోదు. నిర్ణీత గడువులోగా లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా చట్టప్రకారం అమ్ముకోవచ్చు. రెండూ చేయకుండా కూర్చుంటే ప్రభుత్వపరం అవుతుంది. దానికి ముందు 30 రోజుల నోటీసు వస్తుంది. ఆ నోటీసును కరెంటు బిల్లుల మధ్య పడేయవద్దు.

లైసెన్సుకు మీ నివాసం కర్నూలు గనుక అక్కడి కలెక్టరేటులోనే ఫారం ఎ-1లో, 2016 నియమావళి 25వ నియమం కింద చట్టబద్ధ వారసుడిగా దరఖాస్తు చేయండి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, అమ్మగారి, అక్కగారి నిరభ్యంతర పత్రాలు జతచేయండి. బావగారి ఉత్సాహం చూస్తే అక్కగారి సంతకం ముందే తీసుకోవడం మేలు. భద్రతా శిక్షణ పూర్తిచేసిన ధ్రువీకరణ కూడా కావాలి. 6 ఎం.ఎం. బ్యారెల్‌తో ఉన్న రైఫిల్‌కే దరఖాస్తు చేయండి. .308 బ్యారెల్‌ను దీనితో ముడిపెడితే రెండూ ఆగిపోతాయి. దాన్ని స్టేషన్‌లోనే ఉండనిచ్చి, దాని సంగతి విడిగా చూసుకోవచ్చు. వారసత్వంగా వచ్చినా ఒకరికి రెండు తుపాకులే పరిమితి. మీ పేర ఇప్పటికే ఏమైనా ఉంటే ముందే చెప్పండి.

ఒక్క మాట చెప్పక తప్పదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే తాను బతికి ఉండగానే వారసుడిని ఎంచుకుని అతని పేర లైసెన్సు అడగవచ్చని అదే 25వ నియమం చెబుతుంది. నాన్నగారి చేతిలో రెండేళ్లకు పైగా సమయం ఉంది. ఇంట్లో తుపాకీ ఉన్న పెద్దవారు ఇంకెవరైనా ఇది చదువుతుంటే ఈ నెలలోనే దరఖాస్తు పెట్టుకోండి.

మీ ఆట విషయం. లైసెన్సు వచ్చేదాకా ఏదైనా గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులో చేరి, వారి .22 రైఫిల్‌తో, శిక్షకుడి ముందు నేర్చుకోండి. నాన్నగారి రైఫిల్ ఈలోగా తుప్పు పడుతుందని మీ బెంగ. స్టేషన్‌లో వస్తువులు భద్రపరిచే గదిలో, అంటే మాల్‌ఖానాలో దుమ్ము, చెమ్మ రెండూ ఉంటాయి కనుక ఆ బెంగ న్యాయమే. లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర డిపాజిట్‌కు బదిలీ చేయాలని ఆ దరఖాస్తులోనే అడగండి, అద్దె మీరు భరించాలి. పంచనామా రాసేటప్పుడు బ్యారెల్ లోపలి స్థితి, టెలిస్కోపు, భుజానికి ఆనించే స్టాకు మీద ఉన్న గీతలు కూడా రాయించి, ఫొటోలు తీయించండి.