నీళ్లలో తోడు వెళ్లే మేనకోడలికి

కర్నూలు.

చిరంజీవి అమ్మాయికి మామ ఆశీస్సులు.

మనకూ శ్రీలంకకూ నడుమ ఉన్న పాక్ జలసంధి ఈదాలని సాధన చేస్తున్న నీ స్నేహితురాలు వచ్చే జనవరిలో సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లో ఆరు గంటలు ఈదబోతున్నదనీ, నీవు కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, ఆమెకు తోడు వెళ్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పి ఏడ్చింది. 2009 అక్టోబరులో తుంగభద్ర మన మేడమెట్ల దాకా వచ్చిన నాటి నుంచి ఆమెకు నీళ్ల మాట ఎత్తితేనే దడ. నేను కసిరి ఫోను పెట్టేశాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల తెడ్డు పట్టిందన్న సంతోషం కూడా అందుకు కొంత కారణంలే.

లైఫ్ జాకెట్ తొడుక్కో, మెడలో ఈల వేసుకో. వేళకు ముందే రేవులో ఉండు. 1959లో ఈతగత్తె ఆరతి సాహా ఇంగ్లిష్ ఛానెల్ ఈదబోయిన తొలి ప్రయత్నానికి తోడు పడవ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, ఆ సారి ఆమె ఆవలి ఒడ్డు చేరలేకపోయింది. నీ స్నేహితురాలు ఏ వైపు తల తిప్పి ఊపిరి తీస్తుందో ఆ వైపునే ఉండు. తల ఎత్తి దారి వెతుక్కునే శ్రమ ఆమెకు ఉండకూడదు. అరగంటకొకసారి తాడు కట్టిన సీసా విసిరి పానీయం అందించు. పడవను తాకితే ఈత చెల్లదన్న నియమం ఆమెకు తెలిసే ఉంటుంది. జాలర్ల వలతాళ్లను మాత్రం నీవే కనిపెట్టాలి. అవి ఈదేవాళ్లకు కనబడవు.

ఇక నా తప్పు చెబుతాను, కాస్త ఓపికగా చదువు. నీ వయసులో నేను ఒక స్నేహితుడికి తోడుగా, అదే రేవు నుంచి సోమశిల వైపు, పుట్టిలో వెళ్లాను. అదీ జనవరి మాసమే. పుట్టి గాలికి గిర్రున తిరిగిపోతుంటే దానిని నిలబెట్టుకోవడమే గొప్ప విద్య అనుకుని నేను తెడ్డునే చూసుకున్నానుగానీ మనిషిని చూడలేదు. నడుమ నడుమ "బాగున్నావా?" అని అరిచేవాణ్ని, అతడు "ఆ" అనేవాడు, నేను తృప్తిపడేవాణ్ని. చలికి ఒళ్లు చల్లబడి అతని చేతులు నీటిని లాగడం మాని ఊరికే చరుస్తున్నాయనీ, వణుకు ఎప్పుడో ఆగిపోయిందనీ నేను గమనించలేదు. ఉన్నట్టుండి అతడు "మా నాయన ఒడ్డున నిలబడ్డాడా?" అని అడిగాడు. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. నా చేతులు చల్లబడ్డాయి. ఒక పక్క నుంచి అతణ్ని లాగబోతే పుట్టి ఒరిగి ఇద్దరమూ మునిగేవాళ్లం. వల తీసుకోవడానికి వచ్చిన జాలరి అడ్డుపడి కాపాడాడు. ఆ స్నేహితుడు బతికాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిసి నేను క్షేమం అడిగితే, "ఆ" అని నవ్వుతాడు.

అందుచేత, పిల్లా, "ఆ" అంటే నమ్మకు. మొదటి అరగంటలో ఆమె నిమిషానికి ఎన్ని బారలు వేస్తున్నదో లెక్కపెట్టి చీటీలో రాసుకో, తరువాత ప్రతి సీసాకు ముందు మళ్లీ లెక్కపెట్టు. బారలు బాగా తగ్గితే, ఇంటి ఫోను నంబరో, వాళ్ల వీధి పేరో అడుగు. నాలుక తడబడినా, జవాబు పొంతన లేకపోయినా ఈల ఊది మరపడవను పిలువు. మరపడవ లేదంటే నీవు రేవు దిగనే వద్దు, ఈ ఒక్కటి మామ ఆజ్ఞ అనుకో. అది వచ్చేదాకా ఆమెను కయాక్ పక్కను కాదు, కొనను పట్టుకోమను. బయటికి తీశాక కూడా ఒంటి వేడి కొంతసేపు దిగుతూనే ఉంటుంది కనుక తడి బట్టలు మార్చి కప్పండి, చేతులూ కాళ్లూ రుద్దవద్దు. ఈత ఆపే అధికారం నీదేనని ముందే ఆమె చేత ఒప్పించు, కోపగించుకుంటే కోపగించుకోనీ.

నేను తెల్లవారకముందే రేవుకు వస్తాను. మీ అమ్మను తీసుకురాను, తట్టుకోలేదు. ఫ్లాస్కులో వేడి రాగిజావ, మీ జేజి కంబళ్లు రెండు తెస్తాను. రెండోది నీకు, నీవూ ఆ గాలిలో ఆరు గంటలు తడుస్తావు కదా.

నీ మామ.