మాటల ముచ్చట్లు: మనఃప్రసాదం అంటే పులిహోర కాదు

ప్రశ్న: సార్, మేం చెన్నైలో పెరంబూరులో ఉంటాం. ఈమధ్య మైలాపూర్‌లో ఒక గీతా ప్రవచనానికి వెళ్తే చెప్పేవారు "మనఃప్రసాదం" అన్న మాట చాలాసార్లు వాడారు. మా ఆయన్ని అడిగితే గుళ్ళో పెట్టేదేలే, ఇది మనసుకి పెడతారు అని జోకేసి వదిలేశారు. అసలు అర్థం ఏంటి, మామూలు రాతల్లో వాడొచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీవారు మరీ తప్పేం చెప్పలేదమ్మా, కాకపోతే వరస తిరగబడింది. ముందు మనసు, తర్వాతే పులిహోర. ప్రసాదం అంటే సంస్కృతంలో తేటదనం, ప్రశాంతత. 'సద్' ధాతువుకి కూర్చోవడం అని అర్థం, సదనం, పరిషత్తు, ఉపనిషత్తు అన్నీ అందులోంచి వచ్చినవే. బురదనీళ్ళలో మట్టి అడుక్కి కూర్చుని పైన నీళ్ళు తేరుకుంటాయి చూడండి, అదీ ప్రసన్నం కావడమంటే. ఆ మాటే మనసుకీ అన్నారు, దేవుడికీ అన్నారు, మనసు తేటగా ఉన్న దేవుడు దయ చూపిస్తాడు కాబట్టి దయ కూడా ప్రసాదమే అయింది, ఆ దయకి గుర్తుగా చేతిలో పెట్టేదీ ప్రసాదమే అయింది, ఇప్పుడు మనకి ఆ చివరిదే మిగిలింది.

రామాయణం బాలకాండ 2వ సర్గలో వాల్మీకి తమసానది దగ్గర శిష్యుడు భరద్వాజుడితో, ఈ రేవు చూడు, బురద లేదు, మంచివాడి మనసులా ఉన్నాయి నీళ్ళు అంటాడు. అక్కడ వాడిన మాట 'ప్రసన్నాంబు'. కాసేపటికే ఆ పక్కనే క్రౌంచపక్షిని బోయవాడు కొట్టడం, ఋషి మనసు కలగిపోవడం, శ్లోకం పుట్టడం... ముందు తేటనీళ్ళు చూపించింది కావాలనే అని నా అనుమానం. ఇక మీరు విన్నది గీత 17వ అధ్యాయం 16వ శ్లోకం అయ్యుంటుంది. మానసిక తపస్సులో ఏమేం ఉంటాయో చెప్తూ మొట్టమొదట మనఃప్రసాదం అన్నాడు, మౌనం దాని తర్వాతే వస్తుంది. అంటే పైకి నోరు మూసుకుని లోపల ఉడికిపోయేవాళ్ళకి మార్కులు పడవన్నమాట!

చెన్నైలోనే ఉన్నారు కాబట్టి నాట్టు మందుల షాపులో 'తేట్రాన్ కొట్టై' అని అడిగి చూడండి. మనం చిల్లగింజ అంటాం, ఇండుపగింజ అని కూడా అంటారు. కుండ లోపలి గోడకి దాన్ని అరగదీసి బురదనీళ్ళు పోస్తే మట్టి ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుక్కి దిగిపోతుంది. మనుస్మృతి 6వ అధ్యాయంలో ఈ గింజ గురించే ఉంది, నీటిని ప్రసన్నం చేసేదే గానీ దాని పేరు పలికినంతమాత్రాన నీళ్ళు తేరవు అని. తమిళంలో 'తేట్రు' అంటే నీళ్ళు తేర్చడం, మనిషిని ఓదార్చడం రెండూ. మన దగ్గరా అంతే కదా, నీళ్ళూ తేరుకుంటాయి, దుఃఖంలో ఉన్న మనిషీ తేరుకుంటాడు, తిరగబడితే నీళ్ళకి కలక, మనసుకి కలత.

వాడకం సంగతి. కవితలోనో వ్యాసంలోనో మనఃప్రసాదం అని నిక్షేపంగా రాయండి. ఒట్టి ప్రసాదం మాత్రం వద్దు, "ఆయన ముఖంలో ప్రసాదం కనిపించింది" అంటే మూతికి ఏదో అంటుకుందనుకుంటారు. మాట్లాడేటప్పుడు ప్రసన్నంగా అంటే చాలు, ప్రసన్నవదనం అని రోజూ వినాయకుడికి చదువుకునేదే. అలలు లేనంతమాత్రాన మెరీనాలో సముద్రం ప్రసన్నంగా ఉంది అనకండి, ఇందులో కదలకపోవడం కంటే తేటదనం ముఖ్యం.

ప్రశ్న: మతిస్థిమితం కరెక్టా, మతిస్తిమితం కరెక్టా? (ఇంకో పాఠకుడు, వేళచేరి)

జవాబు: రెండోది. స్థిరం గుర్తొచ్చి చాలామంది థ ఒత్తు పెట్టేస్తారు గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. సంస్కృతంలో స్తిమితం అంటే తడిసినది అనీ ఉంది, కదలనిది అనీ ఉంది, తడిబట్ట గాలికి ఎగరదు కదా అలా కుదిరిందేమో. తెలుగులో తడి పోయింది, "కాస్త స్తిమితపడ్డాక మాట్లాడదాం" అనేది మిగిలింది.