టేకు టేబుల్‌కి చాంఫర్ కొడితే మూలలు ఎందుకు లేస్తున్నాయి?

టేకు పలకకి రౌటర్‌తో (బిట్ తిప్పి అంచులు కోసే మిషన్) 45 డిగ్రీల చాంఫర్, అంటే అంచుకి ఏటవాలు కోత, కొడుతుంటే మూలల్లో పెచ్చులు లేస్తున్నాయి, మధ్యమధ్యలో నల్లగా మాడుతోంది, బిట్ మార్చాలా అని కదా మీ డౌటు. మార్చే ముందు ఏ వరసలో కొడుతున్నారో చూస్కోండి, నాకైతే అనుమానం అంతా అక్కడే.

ఎండ్ గ్రెయిన్ (నార అడ్డంగా తెగి కనిపించే అంచు) వైపు బిట్ వెళ్లి వెళ్లి చివర్న బయటికొచ్చే చోట నారకి వెనకాల ఆసరా ఉండదు, అందుకే ఊడొచ్చేస్తుంది. నేనైతే ఎప్పుడూ ముందు ఆ అడ్డం అంచులు రెండూ అయ్యాకే పొడుగు అంచులకొస్తా, చిన్న పెచ్చు లేచినా తర్వాతి పాస్‌లో (కోతలో) అదే కోసుకుపోతుంది. ఇంకా భయముంటే మూల పక్కన అదే మందం వేస్ట్ ముక్క ఆనించి క్లాంప్ వేసేయండి, ఊడితే అది ఊడుతుంది. రౌటర్ చేత్తో పట్టుకుని బయటి అంచు చేస్తున్నారంటే మీకు దగ్గరున్న అంచు మీద ఎడమ నుంచి కుడికి నడపాలి, అలాగే చుట్టూ. రివర్స్‌లో వెళ్తే మిషనే మిమ్మల్ని లాక్కుపోతుంది.

మాడటం ఎక్కువగా చేతి వల్లే. ఒకే చోట ఆగినా మరీ మెల్లగా తోసినా రాపిడికి కాలుతుంది. 6 ఎంఎం చాంఫర్ ఒకేసారి లాగకండి, రెండు మూడు పాసుల్లో దించి ఆఖర్న అర ఎంఎం ఉంచుకుని ఆగకుండా ఒక్క ఊపులో లాగేయండి. స్పీడ్ డయల్ ఉంటే కాస్త తగ్గించండి. అయినా మాడుతుంటే అప్పుడు బిట్ సంగతి, జిగురు పట్టిందేమో తుడవండి, టేకులో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు స్టీల్ బిట్ పదును ఇట్టే పోతుంది, కార్బైడ్‌దే కొనండి.

అన్నట్టు, బిట్ కింద ఉండే బేరింగ్ (చిన్న చక్రం) ఏ అంచునానుకుని తిరుగుతుందో ఆ అంచులో గుంత ఉంటే చాంఫర్‌లోనూ అదే గుంత వస్తుంది, కాబట్టి ముందు చిత్రిక పట్టి సాపు చేయండి. బేరింగ్ ఆనడానికి కింద కాస్త అంచు మిగలాలి కూడా.

కొల్లెట్ (బిట్ కాడని పట్టుకునే బిగింపు) మాత్రం చూస్కోండి ప్లీజ్. మన దగ్గర 6 ఎంఎం బిట్లూ, పావు అంగుళం అంటే 6.35 ఎంఎం బిట్లూ రెండూ దొరుకుతాయి, కంటికి ఒకేలా ఉంటాయి. పావు అంగుళం కొల్లెట్‌లో 6 ఎంఎం బిట్ పెడితే ఎంత బిగించినా పట్టు ఉండదు, తిరుగుతూ జారి బయటికొచ్చేస్తుంది, ట్రిమ్మర్ (చిన్న రౌటర్) అంటే నిమిషానికి 30 వేల దాకా తిరిగేది, ఆటలొద్దు.

టేబుల్ కింద షెల్ఫ్ ప్లైవుడ్‌దైతే దానికి నేరుగా కొడితే పొరలన్నీ చారలు చారలుగా బయటపడతాయి. ముందు అంచుకి టేకు బీడింగ్ (సన్నని చెక్క పట్టీ) అతికించి, జిగురు పూర్తిగా ఆరాక దాని మీద కొట్టండి.