చిప్పర్‌లో ఇరుక్కున్న కొమ్మని చేత్తో లాగొచ్చా?

కొమ్మల్ని పొట్టు చేసే ట్రాక్టర్ చిప్పర్ పచ్చి కొమ్మలు ఇరుక్కుని ఆగిపోయింది, కొమ్మల్ని లోపలికి లాగే రోలర్లు వెనక్కి తిప్పినా రావట్లేదు, చేత్తో లాగొచ్చా అని అడిగారు. లాగకండి. ఆ పని నేను చేసి చూశాను.

పీటీవో (ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని చిప్పర్‌కి అందించే ఏర్పాటు) ఆపాను, ఇంజినూ ఆపాను, బ్లేడ్లున్న చక్రం కదలట్లేదు. ఇంకేం భయం అనుకుని మూత తీసి, బ్లేడు కింద బిగుసుకున్న ముక్కని ఊపి ఊపి లాగాను. అది ఊడి రాగానే చక్రం జానెడు దూరం గిర్రున కదిలింది. గ్లౌజు వేలి కొన తెగి లోపల పడింది. వేలు దక్కింది, అంతే. బిగుసుకున్న ముక్కే అంతసేపూ చక్రాన్ని పట్టి ఉంచిందని అప్పుడర్థమైంది.

ఇప్పుడైతే పీటీవో ఆపి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం జేబులో పెట్టుకుంటాను. పొట్టు వచ్చే గొట్టం మాత్రమే మూసుకుపోతే లోపలి చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. బరువైన చక్రం కదా, ఒక్కోసారి నిమిషం దాటినా ఆగదు. అది పూర్తిగా నిలిచేదాకా మూత బోల్టు ముట్టుకోను. తర్వాత ట్రాక్టర్ వైపు నుంచి పీటీవో షాఫ్ట్ ఊడదీస్తాను. గ్రీజు చేతికంటుతుందని బద్ధకిస్తాం గానీ, ఇది మానకూడదు. చక్రానికి లాక్ పిన్ ఉంటే పెట్టండి, లేకపోతే కదలకుండా గట్టి చెక్క దిమ్మె ఇరికించండి. ముక్కని కర్రతోనో గునపంతోనో కదపండి. చక్రాన్ని వెనక్కి తిప్పాల్సి వస్తే దిమ్మె తీసి, బ్లేడు అంచు మీద చెయ్యి వేయకుండా, పక్కన ఎవరూ లేకుండా మీరొక్కరే తిప్పండి.

పై రోలర్‌ని స్ప్రింగు కిందికి లాగుతుంటుంది. దాన్ని ఎత్తి కింద దిమ్మె పెట్టాకే ఆ వైపు చెయ్యి పోనివ్వండి.

గొట్టంలో అయితే ఎక్కువగా తడి ఆకులే ముద్దకడతాయి. గొట్టం విప్పి పొడిస్తే చాలు.

మళ్ళీ మళ్ళీ ఇరుక్కుంటుంటే బ్లేడ్లు మొద్దుబారాయేమో, వాటికీ కింద కదలకుండా ఉండే ఇనప పట్టీకీ మధ్య సందు పెరిగిందేమో చూడండి. నా విషయంలో తప్పు వేరు. పీటీవో నిమిషానికి 540 చుట్ల వేగం అందుకోకముందే తొందరపడి కొమ్మ తోసేవాణ్ణి. ఇప్పుడు ఇంజిన్ గొంతు తగ్గగానే తోయడం ఆపేస్తాను, ఆకుల మధ్య ఒక ఎండు కొమ్మ వేస్తాను.

స్టార్ట్ చేసే ముందు లాక్ పిన్, దిమ్మెలు, స్పానర్లు లెక్క చూసుకుని, మూత బిగించి, గొట్టం ఎదురుగా నిలబడకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.