పింఛను మీద పరాయి దేశంలో: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

రిటైరయ్యాక నువ్వూ మరదలూ వేరే దేశంలో స్థిరపడదామనుకుంటున్నారు. సంతోషం. కానీ "అక్కడ ఖర్చు తక్కువట" అన్న మాట పట్టుకుని బయల్దేరకండి. పింఛను వచ్చేది ఒక కరెన్సీలో, ఖర్చయ్యేది ఇంకో కరెన్సీలో. అసలు తంటా అంతా అక్కడే ఉంది.

ముందు కాగితం మీద లెక్క వెయ్యి. పింఛను 100 అనుకో. దాని కరెన్సీ విలువ 20 శాతం పడిందంటే, నిన్నటిదాకా 100కి వచ్చిన సరుకుకి ఇవాళ 125 పెట్టాలి. దానికి తోడు అక్కడి ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకి ఖర్చు రెట్టింపవుతుంది. 72ని ధరలు ఏటా పెరిగే శాతంతో భాగిస్తే ఎన్నేళ్లలో రెట్టింపో సుమారుగా తెలిసిపోతుంది. అందుకే ఇవాళ్టి రేటు ప్రకారం నెల ఖర్చు 70 దాటే ఊరు మీకు వద్దు. మిగిలే 30లోంచే రేటు పడిన నెలలు, ఆసుపత్రి, సొంతూరి ప్రయాణాలు గడవాలి.

పింఛను ఏటా పెరుగుతుందా, దేశం దాటాక కూడా పెరుగుతుందా అని రాతపూర్వకంగా అడుగు. బ్రిటన్ ప్రభుత్వ పింఛను అమెరికాలో ఉంటే పెరుగుతుంది. కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే వెళ్లిన నాటి అంకె దగ్గరే నిలిచిపోతుంది. డాలర్లలో పింఛను వచ్చేవాళ్లకి ఈక్వడార్ లాంటి చోట రేటు బెంగ ఉండదు, 2000 నుంచి అక్కడ చలామణి డాలరే.

వీసా కోసం బ్యాంకులో వేసే డబ్బుని ఆపద్ధనం కింద లెక్కెయ్యకు. థాయ్‌లాండ్ సంగతే చూడు. 50 ఏళ్లు దాటినవాళ్లు అక్కడ రిటైర్మెంట్ వీసా గడువు పొడిగించుకోవాలంటే 8 లక్షల బాట్ (అక్కడి కరెన్సీ) డిపాజిట్‌గానీ, నెలకి 65,000 ఆదాయంగానీ చూపాలి. డిపాజిట్ దారి ఎంచుకుంటే దరఖాస్తుకి 2 నెలల ముందు నుంచి, అనుమతి వచ్చాక 3 నెలల వరకు ఆ డబ్బు కదపకూడదు. ఆ తర్వాత కూడా 4 లక్షలకి తగ్గకూడదు. ఆసుపత్రి బిల్లుకని అందులోంచి తీశావా, మరుసటి ఏడు వీసాకే ఎసరు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు వేసే వారంలోనే అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ సైటు చూడు.

వెళ్లగానే ఇల్లు కొనొద్దు. ఏడాది అద్దెకుండండి, అందులో వాన, ఎండ, చలి ఏది ఎక్కువైతే ఆ కాలం తప్పకుండా పడాలి. కొన్ని దేశాల్లో విదేశీయులకి భూమి హక్కే ఉండదు. స్థానికుల పేరున కొనుక్కోమని ఎవరైనా సలహా ఇస్తే అక్కడే ఆపెయ్.

ఆరోగ్య బీమా ఇక్కడుండగానే తేల్చుకో. 65, 70 దాటాక కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా ఉన్న జబ్బులకి వర్తించకపోవచ్చు. మన దేశం బీమా మనతో వస్తుందనుకోవడం పొరపాటు; అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా దేశం బయట వైద్యానికి సాధారణంగా చెల్లించదు. అలాగని ఇక్కడి పాలసీ ఆపెయ్యకు. తిరిగి రావాల్సొస్తే మళ్లీ తీసుకోవడం గగనం.

డబ్బు పంపేటప్పుడు "ఫీజు లేదు" అన్న ప్రకటన నమ్మకు. 1000 పంపితే అవతల ఖాతాలో ఎంత పడుతుందో అడుగు. రేటులో 3 శాతం కలిపేసుకుంటే 30 పోయినట్టే, ఫీజు కనపడదంతే. అక్కడి ఏటీఎం "మీ దేశపు కరెన్సీలో లెక్కకట్టమంటారా?" అని అడిగితే వద్దను. ఆ రేటు దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే.

చాలామంది ఇరుక్కునేది మాత్రం సిమ్ దగ్గర. పాత నంబరు రీచార్జి చెయ్యక రద్దవుతుంది. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే పోతుంది. నంబరు మార్చాలంటే బ్రాంచికి రమ్మంటారు. పింఛను ఖాతాలో ఉంటుంది, తీసే దారుండదు. విమానం ఎక్కే ముందే రోమింగ్‌లో ఓటీపీ వస్తోందో లేదో పరీక్షించు, రీచార్జికి క్యాలెండర్లో గుర్తు పెట్టుకో. లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని పింఛను ఆఫీసుకిచ్చే కాగితం) కూడా అంతే, గడువు దాటితే పింఛను ఆగుతుంది. పరాయి దేశంలో దానిమీద ఎవరి సంతకం చెల్లుతుందో ముందే కనుక్కో.

పన్ను విషయానికొస్తే, చాలా దేశాలు ఏడాదిలో 183 రోజులుంటే మనల్ని తమ పన్ను పరిధిలోకి తీసుకుంటాయి. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉందో లేదో, అందులో నీ రకం పింఛనుకి ఏం రాశారో ఆడిటర్‌తో చదివించుకో.

ఇక అసలైన మాట. నీ వీసా మీద ఆధారపడి మరదలు అక్కడుంటే, నీకేదైనా జరిగిన రోజు ఆమె ఉండే హక్కు ఏమవుతుంది? ఖాతా నీ ఒక్కడి పేరునే ఉంటే ఆ వారం ఖర్చుకి ఆమె చేతిలో ఏముంటుంది? తన పేరున ఖాతా తెరిపించి 6 నెలల ఖర్చు అందులో వెయ్యి. ఇద్దరి టికెట్లు, ఇక్కడ ఇంటి అడ్వాన్సు, 3 నెలల తిండి ఖర్చు వేరే పెట్టు, అది తిరుగు ప్రయాణపు డబ్బు. ఈ నెలే పింఛను ఆఫీసుకి ఉత్తరం రాయి: నేను లేకపోతే నా భార్యకి ఎంత వస్తుంది, ఏ కాగితాల మీద, విదేశంలో ఉన్నా వస్తుందా? జవాబు చేతికొచ్చాకే టికెట్లు చూడు.

ఆశీస్సులతో,
అన్నయ్య