గోడకి కన్నాలు కింద పెట్టించు

బుజ్జీ,

మీ అమ్మ వాట్సాప్‌లో ఫోటోలు పంపింది. నువ్వూ అల్లుడుగారూ కొబ్బరికాయ కొడుతున్నారు, వెనకాల గోడౌన్ గోడలు లేచి ఉన్నాయి. మన ఇళ్ళల్లో ఆడపిల్ల ఫ్యాక్టరీ పెట్టడం ఇదే మొదలు. మీ తాతయ్య ఉంటే వీధి వీధీ తిరిగి చెప్పుకొచ్చేవాడు. నేనూ ఇద్దరికి చూపించాను. మూడో మనిషికి చూపించబోతూ ఫోటో పెద్దది చేశాను. అంతే, ఆ రాత్రి నిద్ర లేదు.

వెంటిలేటర్లు పైన పెట్టించావు. ధాన్యం గోడౌన్‌కి పెట్టినట్టు చూరు కింద వరసగా ఆరు. కింద గచ్చు దగ్గర చూస్తే వేలు దూరే సందు లేదు.

ఫోన్ చేస్తే ఏమన్నావు? "మావయ్యా, రొయ్యలకీ చేపలకీ థర్మాకోల్ పెట్టెలు చేసే యూనిట్ ఇది, కెమికల్ ఫ్యాక్టరీ కాదు" అన్నావు. నవ్వావు కూడా. అందుకే ఫోన్లో వాదించకుండా కాగితం మీద రాస్తున్నాను. కాగితానికైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఫ్యాక్టరీ లైసెన్సు, ఫైర్ వాళ్ళ ఎన్‌ఓసీ, బాయిలర్ తనిఖీ, ఇన్సూరెన్సు. ఇవన్నీ అల్లుడుగారు చూసుకుంటారు, ఆయనకి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉంది. నాకు వాటి మీద బెంగ లేదు.

నా బెంగ గింజల మీద. థర్మాకోల్ గింజ అంటే ఉత్త పాలీస్టైరీన్ కాదమ్మా. దాని కడుపులో పెంటేన్ ఉంటుంది, బరువులో నూటికి 5 నుంచి 7 పాళ్ళు. ఆవిరి తగలగానే గింజ పేలంలా ఉబ్బేది దానివల్లే. అంటే టన్ను గింజలు దించుకున్న రోజు, పెట్రోలు లాంటి సరుకు 50 నుంచి 70 కిలోలు నీ గోడౌన్‌లో పెట్టుకున్నట్టే. మామూలు పెంటేన్ 36 డిగ్రీలకే మరిగిపోతుంది. మే నెలలో మన రేకుల షెడ్డు ఎలా ఉంటుందో నీకు తెలుసు. సంచి మూతి కట్టి ఉన్నా కొంచెం కొంచెం బయటికి వస్తూనే ఉంటుంది, చిరిగిందా ఇక చెప్పక్కర్లేదు. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు కలిస్తే చాలు, నిప్పురవ్వ పడగానే అంటుకుంటుంది. పైగా దాని ఆవిరి గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు. పైకి లేవదు. గచ్చు మీద పరుచుకుని పల్లం వెతుక్కుంటుంది. నీరు పల్లమెరుగు అంటారే, ఇదీ అంతే. డెల్టాలో పుట్టినదానివి, నీకు నేను చెప్పాలా? చూరు కింద ఆరు కాదు అరవై వెంటిలేటర్లు పెట్టినా ఇది అక్కడిదాకా ఎక్కదు.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. పుస్తకంలోనూ ఉంది, చదివాను కూడా. చదివి ఉండి చేసిన పని ఇప్పుడు చెబుతాను. మీ అత్తయ్యకి కూడా సగమే తెలుసు.

1996 నవంబరు 6 తుఫాను. నీకు ఏడాది కూడా నిండలేదు. నేను అప్పుడు ఒక థర్మాకోల్ ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజర్ని. ప్లాంటు పేరు వద్దులే. తుఫాను వస్తుందని తెలిసి గింజల గోడౌన్ షట్టర్లు దించేశాం, వాన కొట్టకుండా కింద సందుల్లో గోనెలు కుక్కాం. కరెంటు పోయింది. నాలుగు రోజులు ఎవరూ తలుపు తీయలేదు, ఫ్యాన్లు తిరగలేదు. లోపల పై వరస సంచులు కూలి రెండు మూడు పగిలాయని మాకు తెలియదు.

ఐదో రోజు యజమాని వచ్చాడు. పక్క మౌల్డింగ్ షెడ్డు రేకులు లేచిపోయాయి, యాంగిల్ వెల్డింగ్ చేయించి రేకులు కప్పించమన్నాడు. వెల్డింగ్ చేయాలంటే నేను పర్మిట్ రాయాలి. పర్మిట్ రాయాలంటే గోడౌన్‌లో గ్యాసు ఉందో లేదో చూడాలి. ఇన్సూరెన్సు వాళ్ళ పోరు పడలేక బొంబాయి నుంచి తెప్పించిన మీటరు ఒకటి ఉండేది, ముల్లు కదిలే రకం. షట్టరు నడుం దాకా ఎత్తి, వంగి లోపలికి దూరి, నిలబడి, మీటరు ఇదిగో ఇలా చొక్కా జేబు దగ్గర పట్టుకున్నాను. గచ్చంతా వాన నీళ్ళూ బురదా. వంగితే ప్యాంటు పాడవుతుంది. ముల్లు సున్నా మీంచి కదల్లేదు. బయటికొచ్చి సంతకం పెట్టాను.

గోడౌన్ నుంచి మౌల్డింగ్ షెడ్డుకి గచ్చులో కేబుల్ ట్రెంచ్ ఉంది, పైన చెక్కలు కప్పి ఉంటాయి. జనరేటర్ పెట్టి వెల్డింగ్ మొదలెట్టిన పావుగంటకి రవ్వ ఒకటి చెక్కల సందులోంచి లోపల పడింది. నీలం మంట. చప్పుడు పెద్దగా లేదు, పరుపు మీద పిడికిలితో గుద్దినట్టు. చెక్కలు ఎగిరాయి. మంట ట్రెంచ్ పొడుగునా పాము పాకినట్టు పాకింది. అక్కడే కాళ్ళు అటూ ఇటూ వేసి రేకు పట్టుకుని నిలబడ్డ హెల్పరు కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, లుంగీ కట్టుకుని ఉన్నాడు. మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ కాలాయి. వాడే తెలివిగా బయట వాన నీటి గుంటలోకి దొర్లాడు. గోడౌన్‌లో సంచులు ఎందుకు అంటుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంటుకుని ఉంటే ఈ ఉత్తరం రాసే మనిషి ఉండడు.

రోడ్లన్నీ చెట్లు పడి ఉన్నాయి. ట్రాక్టరు మీద తీసుకెళ్ళాం. దారిలో చెట్టు నరుక్కుంటూ, మళ్ళీ ఎక్కుతూ, అరగంట దారికి నాలుగు గంటలు పట్టింది. వాడి తల నా ఒళ్ళో. వాడు ఏడవలేదు బుజ్జీ. "మా అమ్మకి చెప్పకండి బాబూ" అని అదే మాట అంటూ ఉన్నాడు.

యజమాని అడిగాడు, మీటరు చూశావా అని. చూశానండి, సున్నా చూపించింది అన్నాను. అబద్ధం కాదు. ఏ ఎత్తులో పట్టుకున్నావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మీటరు పాడైందని అందరూ అనుకున్నారు. బొంబాయి పంపిస్తే, బాగానే ఉందని తిరిగొచ్చింది. నీరు పల్లమెరుగు అని ఇందాక రాశానే, ఆ సామెతకి రెండో సగం ఉంది, నిజం దేవుడెరుగు అని. ఆ సగాన్ని ఇన్నేళ్ళు నేను మోస్తున్నాను.

విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం, ఎల్‌జీ పాలిమర్స్ గ్యాసు లీకు సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2020 మే 7, తెల్లవారుజామున. నీ గింజలు దేంతో తయారవుతాయో ఆ స్టైరీనే. లాక్‌డౌన్‌లో మూతపడ్డ ప్లాంటులో, ట్యాంకులో సరుకు కదలకుండా ఉండిపోయింది. స్టైరీన్ వేడెక్కితే తనంతట తాను గట్టిపడటం మొదలెడుతుంది, గట్టిపడేకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిన కారణాల్లో నన్ను కుర్చీలోంచి లేపింది ఒకటే. ట్యాంకులో వేడి కొలిచేది అడుగున మాత్రమే. అడుగున చల్లగా ఉంది, పుస్తకంలో అంకెలు బాగానే రాసుకున్నారు, పైన మాత్రం ఉడికిపోతోంది. టీవీ ముందు కూర్చుని నేను నా చొక్కా జేబు తడుముకున్నాను. మీ అత్తయ్య గుండె నొప్పా అని కంగారు పడింది. సైరన్ కూడా మోగించలేదట ఆ రాత్రి. ఆ సంగతికి కింద వస్తాను.

ముందు మీటరు. పెట్టెల అచ్చులు ఒకటి తగ్గినా సరే, మంచి మీటరు కొను. మీథేన్‌తో సరిచూసిన మీటరు పెంటేన్‌ని తక్కువ చేసి చూపిస్తుంది, అమ్మేవాడు ఇది చెప్పడు. పెంటేన్‌కి క్యాలిబ్రేట్ చేయించి ఇమ్మను. దానికి పొడుగు గొట్టం తగిలించి, కొస గచ్చుకి జానెడు ఎత్తులో పెట్టి చూడాలి, మూలల్లో, సంచుల వెనకాల, ట్రెంచ్ లోపల. ఆవిరి అంటుకునే హద్దులో పదో వంతు చూపించినా పని ఆపెయ్. లారీవాడు హారన్ కొట్టనీ.

ట్రెంచ్‌లలో ఇసుక నింపించు. మన గోదావరి ఇసుకే, దొరకనిదేం కాదు. గోడౌన్‌లో లైటు స్విచ్చి, ఫ్యాన్ స్విచ్చి బయట గోడకి పెట్టించు. పొద్దున్నే తాళం తీసినవాడు ముందు షట్టర్లు ఎత్తాలి, కాసేపు ఆగాలి, తర్వాతే స్విచ్చి. ఈ ఆగడం ఎవరూ ఆగరు. నువ్వు మొదటి నెల ఎదురుగా నిలబడి ఆగించాలి.

ఉబ్బిన గింజలు సైలోలో, అంటే నిలవుంచే పెద్ద గాదెలో, ఆరేటప్పుడు, అచ్చులోంచి తీసిన పెట్టెలు పేర్చినప్పుడు కూడా పెంటేన్ వస్తూనే ఉంటుంది. వేడి వేడి పెట్టెల్ని లారీలో నింపి తలుపేసి పంపకు, డ్రైవరు బీడీ ముట్టిస్తాడు. గొట్టాల్లో గింజలు పరిగెత్తితే రాపిడికి స్టాటిక్ కరెంటు పుడుతుంది, రవ్వ లేస్తుంది, గొట్టాలన్నిటికీ ఎర్తింగ్. నువ్వు కూడా పాలిస్టర్ చీరతో లోపలికి వెళ్ళకు, నూలు కట్టుకో. నవ్వకు.

ఊక బాయిలర్ పెడుతున్నావని మీ అమ్మ అంది. చవకే, మిల్లులు పక్కనే ఉన్నాయి. కానీ ఊక నిప్పులు గాల్లో ఎగురుతాయి. దాన్ని గోడౌన్‌కి ఎంత దూరం పెట్టగలవో అంత దూరం పెట్టు, పగటిపూట మనకి గాలి సముద్రం మీద నుంచి వస్తుందని లెక్క చూసుకుని పెట్టు.

ఇక సైరన్. నీ స్థలం పక్కన చెరువు గట్టు మీద రొయ్యల కాపలావాడి పాక ఉంది, ఫోటోలో కనిపించింది. బయట పొయ్యి కూడా కనిపించింది. ఆ మనిషితో ముందే మాట్లాడు. 2014 జూన్‌లో కోనసీమలో నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను కారినప్పుడు, పొద్దున్నే టీకి పొయ్యి వెలిగించేసరికి అంటుకుందని చెప్పుకున్నారు. 20 మందికి పైగా పోయారు. మర్నాడు చించినాడ వంతెన దాటి వెళ్ళాను. కొబ్బరి చెట్లు నిలబడే మాడిపోయి ఉన్నాయి. ఆ ఊళ్ళో ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. నువ్వు చెప్పు. సైరన్ మోగితే పొయ్యి ఆర్పాలి, గాలికి అడ్డంగా నడిచి వెళ్ళిపోవాలి. గాలి ఎటో తెలియడానికి ఎత్తు వెదురుకి పాత చీర పేలిక కట్టు. రోడ్డవతల ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా కారినా అదే పేలిక నిన్ను కాపాడుతుంది. అమ్మోనియా నయం, ముక్కు పగలగొట్టి చెబుతుంది. పెంటేన్‌ది సన్న పెట్రోలు వాసన, పది నిమిషాల్లో ముక్కుకి అలవాటైపోతుంది.

కన్నాల దగ్గరికొస్తాను. మేస్త్రీ ఒప్పుకోడు. కింద కన్నాలు పెడితే వరద నీళ్ళొస్తాయి, పాములొస్తాయి అంటాడు. ఆయన మాట కొట్టిపారెయ్యకు, మన నేలలో అదీ నిజమే. అరుగు ఇంకో రెండడుగులు లేపించు. కన్నాలు గచ్చుకి ఆనుకునే ఉండాలి, రెండు ఎదురు గోడలకీ ఉండాలి, సన్న స్టీలు జాలీ బిగించాలి. జాలీ పాములకే కాదు, గింజలు బయటపడకుండా కూడా. పంటబోదెలో పడ్డ గింజ కొట్టుకుపోయి ఎవరి చెరువుకో చేరుతుంది, అప్పుడు ఊరితో తగువు. తుఫాను హెచ్చరిక వస్తే కన్నాల్లో గోనెలు కుక్కాలని అందరికీ అనిపిస్తుంది. కుక్కకండి. ముందే సరుకు తగ్గించుకోండి. తుఫాను వెళ్ళాక లోపలికి ఎవరు వెళ్ళినా వంగి మీటరు పెట్టాలి, ప్యాంటు పాడైతే పాడైంది.

గురువారం పొద్దున్న పాలకొల్లులో బస్సెక్కి వస్తాను. మేస్త్రీని ఉండమను. నాతో ఇంకొకరు వస్తారు, భోజనానికి ఇద్దరం అని మీ అమ్మతో చెప్పు. ఆ కుర్రాడే. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కొబ్బరికాయల వ్యాపారం. ఏటా సంక్రాంతికి మా ఇంటికి గెల పంపిస్తాడు. ఎండాకాలంలో కూడా ప్యాంటే వేసుకుంటాడు, లుంగీలో నేను మళ్ళీ చూడలేదు. నీ యూనిట్ సంగతి చెబితే, ట్రెంచ్‌లు నేను చూస్తానండి అన్నాడు.

మీటరు ఏ ఎత్తులో పట్టుకున్నానో బస్సులో అతనికి చెబుదామని ఉంది. చెప్పగలిగానో లేదో నా మొహం చూస్తే నీకు తెలుస్తుంది. చెప్పలేదనిపిస్తే, అతని ముందు ఈ ఉత్తరం మాట ఎత్తకు.

మావయ్య