మూడు సర్వర్ల సెఫ్ క్లస్టర్‌ను పసిఫిక్ నుంచి రీఫ్‌కు మార్చే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

శ్రీకాకుళంలో మీ కాలేజీలో మూడు సర్వర్లు, ఒక్కోదానిలో ఆరు డిస్కులు, ప్యాకేజీలతో పెట్టుకున్న సెఫ్ (డేటాను పలు సర్వర్ల డిస్కుల్లో కాపీలుగా దాచే సాఫ్ట్‌వేర్), దాని పసిఫిక్ వెర్షన్ నుంచి రీఫ్ వెర్షన్‌కు ఆదివారం మార్పిడి అన్నారు. ముందుగా ఏం చూసుకోవాలని అడిగారు. నేను విజయనగరంలో దాదాపు ఇలాంటి క్లస్టరే చూసుకుంటాను. ఒకసారి చేతులు కాల్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను: కొత్త వెర్షన్ గురించి చదవడానికి ముందు, మీరు చూసీ చూడనట్లు వదిలేసిన పాత హెచ్చరిక ఏదైనా ఉందేమో వెతకండి.

నా విషయంలో అది గడియారం. ఒక మానిటర్ (క్లస్టర్ స్థితిని గమనిస్తూ లెక్క ఉంచే ప్రోగ్రాము, సర్వర్‌కొకటి) సమయం మిగతా రెండింటితో కలవడం లేదని సెఫ్ నెలల తరబడి చెబుతూనే ఉంది. 0.05 సెకను దాటితే అది మొర పెట్టుకుంటుంది. ఇంత చిన్న తేడాకు ఏమవుతుందిలే అని దాన్ని మ్యూట్ చేసేశాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం, కాలేజీకి సెలవు. ఊరంతా మూడు లాంతర్ల దగ్గరే ఉంటుంది, ఎవరూ లాగిన్ కారు, ఇదే అదను అనుకున్నాను. మూడో సర్వర్‌ను ఆపాను. ఎలాగూ ఆపాను కదా అని దాని ప్లగ్గును కొత్త యూపీఎస్‌కు మార్చాను. అసలు పొరపాటు అక్కడే జరిగింది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు పూర్తిగా తీసేసరికి ఆ యంత్రం గడియారం 2015 జనవరి 1కి వెళ్లిపోయింది. సమయం సరిచేయాల్సిన క్రోనీ అనే ప్రోగ్రాము, ఎప్పుడో తీసేసిన టైమ్ సర్వర్ చిరునామా పట్టుకుని వేలాడుతోంది.

మూడో సర్వర్‌లో మానిటర్ సర్వీసు 'నడుస్తోంది' అని కనబడింది. కోరంలో (నిర్ణయాలకు కావాల్సిన మానిటర్ల మెజారిటీ గుంపులో) చేరిందో లేదో చూడకుండా రెండో సర్వర్‌ను రీబూట్ చేశాను. అంతే. మూడు మానిటర్లలో ఒక్కటే మిగిలింది, మూడు కాపీల్లో ఒక్కటే అందుబాటులో ఉంది. క్లస్టర్ మొత్తం బిగుసుకుపోయింది. రెండోది లేచాక చదవడం, రాయడం మొదలయ్యాయి గానీ మూడోది మాత్రం గుంపులో కలవలేదు. నెట్‌వర్క్ కేబుళ్లు పీకి పెట్టి, కీలు సరిచూసి రెండు గంటలు గడిపాక, లాగ్ వరుస మొదట్లో ఉన్న సంవత్సరం కంటబడింది. సమయం చేత్తో సరిచేశాను, ఐదు నిమిషాల్లో చేరింది. కొత్త బ్యాటరీకి దుకాణాలు తెరిచి లేవు. ల్యాబులో మూలన పడేసిన పాత కంప్యూటర్ నుంచి ఒకటి ఊడదీసి వేశాను.

అందుకని ఆదివారానికి ముందే మ్యూట్ చేసినవన్నీ తెరిచి, ఆరోగ్యం నిజంగా 'ఓకే' అనేదాకా ఆగండి. ఆ రోజు మార్పిడి తప్ప ఇంకే పనీ పెట్టుకోకండి.

పసిఫిక్ నుంచి రీఫ్‌కు నేరుగా వెళ్లవచ్చు, నడుమ వచ్చే క్విన్సీ వెర్షన్‌లో ఆగనక్కర్లేదు. కానీ మీ క్లస్టర్ పాతదైతే రెండు చోట్ల తట్టుకుంటుంది. రీఫ్‌లో ఫైల్‌స్టోర్ (డిస్కు మీద డేటా రాసే పాత పద్ధతి) లేదు. అలాంటి డిస్కు ఒక్కటి మిగిలినా ముందే కొత్త పద్ధతైన బ్లూస్టోర్‌గా మార్చుకోవాలి. మానిటర్ డేటా లెవెల్‌డీబీ అనే పాత డేటాబేస్‌లో ఉంటే దాన్ని రాక్స్‌డీబీ అనే డేటాబేస్‌కు తేవాలి. మానిటర్ ఫోల్డరులో కేవీ_బ్యాకెండ్ అనే చిన్న ఫైలు తెరిస్తే ఏది ఉందో తెలుస్తుంది.

ఖాళీ లెక్క కూడా వేసుకోండి. డిస్కు పడిపోయిన పది నిమిషాలకు సెఫ్ దాన్ని బయటికి నెట్టి, దానిలోని డేటాను వేరేచోట పేర్చడం మొదలుపెడుతుంది. కాపీకో సర్వర్ చొప్పున పెట్టుకున్న మీలాంటి చోట ఆ బరువంతా అదే సర్వర్‌లోని మిగతా ఐదింటి మీదే పడుతుంది. ఆరూ 70 శాతం నిండి ఉంటే ఐదూ 84కి చేరతాయి. 85 దగ్గర హెచ్చరిక, 95 దగ్గర రాతలు బంద్. పని మొదలుపెట్టేటప్పుడు నోఅవుట్ (పడిపోయిన డిస్కును బయటికి నెట్టవద్దనే సెట్టింగు) పెట్టమనేది ఇందుకే. ముగిశాక తీయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ, నాతో సహా.

వరుస మీకు తెలిసే ఉంటుంది: మానిటర్లు, మేనేజర్లు, ఆ తర్వాత డిస్కుల డీమన్లు (వెనకాల నడిచే ప్రోగ్రాములు). సెఫ్‌ఎఫ్‌ఎస్ (సెఫ్ మీద నడిచే ఫైల్ సిస్టం) వాడుతుంటే మెటాడేటా సర్వర్లను ముందుగా ఒక్కదానికి కుదించాలి. ఒక్కో సర్వర్ అయ్యాక పీజీలన్నీ (సెఫ్ డేటాను విడగొట్టి పెట్టుకునే గుంపులు) 'యాక్టివ్, క్లీన్' అనేదాకా తర్వాతిదాని జోలికి వెళ్లకండి. అన్ని డీమన్లూ రీఫే అని వెర్షన్ల జాబితాలో చూశాకే కనీస వెర్షన్‌ను రీఫ్‌గా ఖరారు చేయండి.

వెనక్కి దారి లేదని మీ ప్రిన్సిపాల్‌గారికి ముందే చెప్పండి. మానిటర్లు కొత్త వెర్షన్‌కు వెళ్లాక పాతదానికి దించలేరు. మూడు కాపీలు ఉన్నాయి కదా అంటారు, అది బ్యాకప్ కాదు. చెరిపేస్తే మూడూ ఒకేసారి చెరుగుతాయి. పరీక్షల డేటా, విద్యార్థుల రికార్డులు క్లస్టర్‌కు బయట ఇంకో డిస్కులో ఉండాలి, అందులోంచి ఒక ఫైలు తెరిచి చూసి ఉండాలి.

ఇక ఆదివారం వాతావరణం చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీకు నేను చెప్పాలా! బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త కనిపిస్తే వారం వాయిదా వేయండి, పసిఫిక్ ఇంకో వారం నడిస్తే ఏమీ కాదు. శనివారం సాయంత్రం మూడు సర్వర్లలోనూ తేదీ కొట్టి చూడండి, హార్డ్‌వేర్ గడియారాన్ని వేరుగా చూడండి. జేబులో మూడు సీఆర్ 2032 బ్యాటరీలు వేసుకుని వెళ్లండి.